చేసేదేమీ లేదన్న ఇంటిలో



పెద్దాసుపత్రి నుండి జబ్బు బిడ్డను ఇంటికి తెచ్చుకున్నవారు మా వైపు ఒకే మాట చెబుతారు. “ఇంక చేసేదేమీ లేదన్నారు సిస్టరమ్మా, ఇంటికి పిలుచుకుపొమ్మన్నారు.” బైరెడ్డిపల్లె మండలంలో నర్సుగా తిరిగిన ఇరవై రెండేళ్ళలో ఈ మాట ఎన్ని గడపల్లో విన్నానో లెక్క లేదు. డాక్టర్లు సరిగ్గా ఆ మాటే అన్నారో, మరొక విధంగా చెప్పినది ఆ తల్లిదండ్రుల చెవులకు అలా వినబడిందో మనము చెప్పలేము. ఏదైనా, ఆ మాటతో పాటు ఒక ప్లాస్టిక్ సంచిలో ఎక్స్‌రే ఫిలిములూ, చీటీలూ వస్తాయి. అప్పటికే ఆవును అమ్మి ఉంటారు. ఇంటిలో ఒక మూల మంచం వేస్తారు. ఆ తరువాత రాత్రులు మొదలవుతాయి.

ఆ రాత్రులలో చేయవలసిన పని చాలా ఉంది. ఆ పనికి వైద్యశాస్త్రంలో పాలియేటివ్ కేర్ అని పేరు. తెలుగులో ఉపశమన వైద్యం అంటున్నారు. జబ్బును పూర్తిగా తీసివేయలేకపోయినా నొప్పి, ఆయాసం, వాంతి, పుండ్లు, భయం, ఇంటివారి దిగులు, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా పట్టించుకొని తగ్గించే వైద్యమన్నమాట. ఇది చావుకు ముందు నాలుగు రోజులు చేసేది మాత్రమేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. పెద్ద జబ్బు అని తెలిసిన దినం నుండే, అసలు వైద్యంతో పాటే ఇది కూడా జరగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. క్యాన్సర్ పిల్లలకే కాదు, కండరాలు క్షీణించే పిల్లలకు, గుండెలో పుట్టుకతో లోపమున్నవారికి, తలసీమియా ఉన్నవారికి, హెచ్.ఐ.వి. తో పుట్టినవారికి, మెదడు దెబ్బతిని కూర్చోలేని పిల్లలకు కూడా ఇది అవసరమే. 2017లో ప్రచురితమైన ఒక అంచనా ప్రకారం లోకమంతటా 2 కోట్లకు పైగా పిల్లలకు ఈ సేవ అవసరం. వారిలో అత్యధికులు మనవంటి దేశాలలోనే ఉన్నారు.

ఈ పనికి ఆరంభం ఇంగ్లాండులో. సిసిలీ సాండర్స్ అనే ఆమె మొదట నర్సు, తరువాత సోషల్ వర్కరు, ఆ తరువాత చదివి డాక్టరు అయ్యారు. భక్తిగల స్త్రీ. 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించారు. నొప్పి అంటే ఒళ్ళు నొప్పి ఒక్కటే కాదు, మనసుదీ, కుటుంబానిదీ, ఆత్మదీ కలిసిన నొప్పి అని ఆమె నేర్పారు. పిల్లల కొరకు ప్రత్యేకంగా మొదటి హాస్పిస్ 1982లో ఆక్స్‌ఫర్డులో మొదలైంది. దానిని ఆరంభించినది సిస్టర్ ఫ్రాన్సిస్ డొమినికా అనే నన్, ఆమె కూడా నర్సే. మన దేశంలో మొదటి హాస్పిస్ శాంతి అవేద్న సదన్, 1986లో బొంబాయిలో ఏర్పడింది.

మన ప్రాంతానికి ఈ భావం బొత్తిగా కొత్తది కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషనులన్నీ కలిసి క్షయ ఆసుపత్రిని స్థాపించినది 1912లో. డెన్మార్కు నుండి వచ్చిన డాక్టరు ఫ్రిమాట్ మోలర్ దానికి పెద్ద. అప్పటికి క్షయకు మందే లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా ముప్పై ఏళ్ళకు పైగా ఉంది. అయినా ఆసుపత్రి కట్టారు. గాలి, పాలు, గుడ్లు, విశ్రాంతి, పలకరింపు, ఇవే వారి మందులు. పలమనేరులో స్విస్ ఎమ్మాస్ వారు కుష్ఠు రోగుల కొరకు ఆసుపత్రి నడిపారు. కుష్ఠు వలన వ్రేళ్ళు పోయినవారికి వ్రేళ్ళు తిరిగి రావు, కానీ వారి పుండ్లు కడిగేవారు అక్కడ ఉండేవారు. మా అమ్మమ్మ తరం వారికి ఇదంతా తెలిసిన సంగతే. నడుమ ఎప్పుడో, స్కానింగులు, ఆపరేషన్లు వచ్చిన తరువాత, “బాగవుతుందా, కాదా” అన్న ఒక్క ప్రశ్నే మిగిలిపోయిందని నాకు తోస్తుంది.

ఇక ఫోనులో చదువు సంగతి చెబుతాను. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో డాక్టర్ సంజీవ్ అరోరా అనే మన దేశస్థుడు, కాలేయపు జబ్బుల నిపుణుడు, ఒక కష్టంలో ఉన్నారు. హెపటైటిస్ సి రోగులు ఆయనను చూడడానికి నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చేది, వందల మైళ్ళ దూరం నుండి వచ్చేవారు. రోగులను పట్టణానికి రప్పించే బదులు, పల్లె డాక్టర్లకే తెరమీద కలిసి పాఠం చెబితే ఎలా ఉంటుందని ఆయన ఆలోచించారు. దానికి ప్రాజెక్ట్ ఎకో అని పేరు పెట్టారు. పల్లెలో ఉన్న వైద్యుడు తన రోగి సంగతి చెబుతాడు. నిపుణులూ, మిగతా పల్లెల వైద్యులూ వింటారు, సలహా ఇస్తారు. అంతా అయ్యాక చిన్న పాఠం. 2011లో వచ్చిన పరిశోధనలో, ఆ విధంగా పల్లెల్లో వైద్యం పొందినవారికి యూనివర్సిటీ ఆసుపత్రిలో పొందినవారితో సమానంగా నయమైందని తేలింది.

ఈ పద్ధతినే హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్యం చూసే డాక్టర్ గాయత్రి పాలట్ గారూ, వారితో పనిచేసే సొసైటీవారూ, కెనడా డాక్టరు మేగన్ డోహర్టీ గారూ కలిసి పిల్లల ఉపశమన వైద్యానికి తెచ్చారు. దక్షిణాసియా దేశాల డాక్టర్లూ నర్సులూ అందులో చేరారు. పాల్గొన్నవారికి తెలివీ ధైర్యమూ రెండూ పెరిగాయని 2021లో వారు ఒక వైద్య పత్రికలో రాశారు. నాతో కలిసి నర్సింగు చదివిన స్నేహితురాలు ఇటువంటి తరగతుల సంగతి చెప్పి, వాట్సాప్‌లో లింకు పంపించింది. “నీకు అవసరం, చేరు” అని ఒక్క ముక్క రాసింది.

మా ఇంటిలో సిగ్నలు నిలవదు. మిద్దెమీద నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుంటే వస్తుంది. అక్కడే పీట వేసుకొని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకొని వినేదాన్ని. పాఠం ఇంగ్లీషులో. నర్సింగు ఇంగ్లీషు మనకు తెలిసినదే గాని వేగంగా మాట్లాడితే కొన్ని జారిపోయేవి. వాటిని రాత్రి ఫోను చేసి స్నేహితురాలిని అడిగేదాన్ని. ఒక సాయంత్రం కౌండిన్య అడవి నుండి ఏనుగులు దిగి మా ఊరి టమోటా తోటల్లో పడ్డాయి. డప్పులు, టపాకాయలు, కేకలు. ఆ సమయానికే నా వంతు వచ్చింది. అవతలి దేశపు డాక్టరమ్మ ఒకరు, “అక్కడ పండుగా?” అని అడిగారు. ఏనుగులండీ అంటే నమ్మలేదు.

ఆ తరగతుల్లో అన్నిటికంటే ఎక్కువగా నాకు ఉపయోగపడింది బిడ్డ నొప్పిని కొలిచే పద్ధతి. పెద్దవాడు నొప్పి అంటే చెబుతాడు. పిల్లవాడు చెప్పడు. చెబితే సూది వేస్తారని భయం, అమ్మ ఏడుస్తుందని భయం. చాలా కాలంగా నొప్పితో ఉన్న బిడ్డ ఏడవడం కూడా మానేస్తాడు. కదలకుండా, ఆడకుండా, గోడవైపు తిరిగి పడుకొని ఉంటాడు. చూసేవారు “ఎంత ఓర్పో” అంటారు. మాట్లాడలేని పసిబిడ్డ అయితే ముఖం, కాళ్ళు, ఒంటి కదలిక, ఏడుపు, ఎత్తుకుంటే ఊరుకుంటాడా లేదా, ఈ ఐదింటిని చూసి లెక్క వేస్తారు. కొంచెం పెద్దవారికి నవ్వు ముఖం నుండి ఏడుపు ముఖం దాకా బొమ్మలు గీసిన కాగితం చూపిస్తారు. మరొక పద్ధతిలో నాలుగు బిళ్ళలు ఇస్తారు. ఒకటి తీస్తే కొంచెం నొప్పి, నాలుగు తీస్తే ఉండగలిగినంత నొప్పి. మన పిల్లలకు బిళ్ళలెందుకని నేను నాలుగు చింతగింజలు సంచిలో వేసుకున్నాను.

ఆ గింజలను మొదట పెట్టినది తొమ్మిదేళ్ళ బాబు ముందు. తొడ ఎముకలో క్యాన్సర్. కాలు తీసివేశారు, అయినా ఊపిరితిత్తులకు పాకింది. తండ్రికి కొంత మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. తల్లి, పద్నాలుగేళ్ళ అక్క, అవ్వ. వెళ్ళేసరికి గోడవైపు తిరిగి ఉన్నాడు. “శానా ఓర్పు గలోడు సిస్టరమ్మా, కుయ్యి కయ్యి అనడు” అన్నది అవ్వ. గింజలు అరచేతిలో పోసి సంగతి చెప్పాను. వాడు నాలుగూ తీసుకున్నాడు. కాసేపు చూసి, “ఇంకొకటి ఉండాదా?” అని అడిగాడు.

వాడి పేరూ ఊరూ చెప్పకుండా వాడి సంగతిని తరగతిలో పెట్టాను. పారాసిటమాల్ వంటి మందు నొప్పి వచ్చినప్పుడు కాదు, గడియారం చూసి ఇవ్వాలనీ, ఇంత నొప్పికి అది చాలదనీ, మార్ఫిన్ కావాలనీ చెప్పారు. పిల్లల నొప్పికి రెండే మెట్లని, తేలిక నొప్పికి పారాసిటమాల్ లేక ఐబుప్రొఫెన్, గట్టి నొప్పికి మార్ఫిన్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే సూచించింది. అయితే నేను నర్సును, మార్ఫిన్ రాసే అధికారం నాకు లేదు. ఫోనులో నుండి మాత్ర రాదు. తండ్రి చీటీలన్నీ పట్టుకొని వి.కోట, పేర్ణాంబట్టు, గుడియాత్తం మీదుగా బస్సులు మారి వేలూరు వెళ్ళి, అక్కడ డాక్టరు చేత రాయించుకొని తెచ్చాడు. ఒక దినం కూలి, ఒక మేత వేళ పోయాయి.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. మన దేశంలో నల్లమందు చట్టబద్ధంగానే పండుతుంది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రైతులు ప్రభుత్వ లైసెన్సుతో పండిస్తారు. మార్ఫిన్ దానిలో నుండే వస్తుంది, ఖరీదు కూడా ఎక్కువ కాదు. అయినా నొప్పితో ఉన్న మన బిడ్డకు దొరకదు. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం దొంగలను పట్టడానికి చేసినది, దానితో ఆసుపత్రులే భయపడి మందు ఉంచడం మానుకున్నాయి. కేరళ డాక్టరు రాజగోపాల్ గారి వంటివారు ఎన్నో ఏళ్ళు పోరాడాక 2014లో ఆ చట్టాన్ని సవరించి దారి సులువు చేశారు. 2012లో జాతీయ కార్యక్రమం వచ్చింది. 2018 నుండి పల్లె ఆరోగ్య కేంద్రాల సేవల జాబితాలో ఉపశమన వైద్యం కూడా చేర్చారు. కాగితం మీద చేరినది మందుల బీరువాలోకి చేరడానికి ఇంకా చాలా కాలం పట్టేలా ఉంది. నర్సులకు ఎంత చక్కగా పాఠం చెప్పినా, ప్రతి నాలుగైదు మండలాలకు ఒక చోటైనా మార్ఫిన్ దొరకకపోతే ఆ పాఠం సగమేనని నా అభిప్రాయం. నేర్చుకున్న నర్సమ్మను మరుసటి ఏడు మరొక చోటికి బదిలీ చేయడం ఇంకొక సంగతి, దాని జోలికి ఇప్పుడు పోను.

మాత్రలు చేతిలో పట్టుకొని తండ్రి వాకిట్లోనే నిలబడ్డాడు. “ఇది మత్తు మందంట కదా సిస్టరమ్మా. అలవాటైపోతే? తొందరగా పోతాడేమో?” అన్నాడు. డాక్టరు కొలత ప్రకారం నొప్పికి ఇచ్చినప్పుడు ఇది ప్రాణం తీయదనీ, బిడ్డను తాగుబోతులా చేయదనీ, మలబద్ధకం మాత్రం తప్పక చేస్తుంది గనుక విరేచనం మందు దానితో పాటే ఇవ్వాలనీ చెప్పాను. గోడమీద సుద్దతో వేళలు రాశాము. అక్క ఫోనులో అలారం పెట్టింది. రెండో రాత్రి బాబు తెల్లవార్లూ నిద్రపోయాడు. లేచి, సంగటీ ఊరిబిండీ కావాలన్నాడు. అవ్వ చేసింది. నాలుగు ముద్దలు తిన్నాడు.

మూడు వారాల తరువాత ఒక మధ్యాహ్నం, తల్లి బట్టలు ఉతకడానికి పోయి ఉండగా, “నేను సచ్చిపోతానా సిస్టరమ్మా?” అని అడిగాడు. ఇటువంటి ప్రశ్నకు “ఛీ, అలా అనకూడదు నాయనా” అనడం మన వాడుక. అలా అంటే బిడ్డ మళ్ళీ అడగడు, ఒంటరిగా ఆలోచించుకుంటాడని తరగతిలో చెప్పి ఉన్నారు. అబద్ధం చెప్పవద్దు, వాడికి తెలిసినదేమిటో ముందు వాడినే అడగమన్నారు. “నీకేమనిపిస్తోంది నాయనా?” అన్నాను. వాడు దుప్పటి అంచు లాగుతూ, “అమ్మ షెడ్డు వెనకాలకి పోయి ఏడస్తా ఉంది. నాకు తెలుసునని అమ్మతో చెప్పొద్దు” అన్నాడు. ఆ తల్లి నాతో నెల దినాలుగా అంటున్నది ఏమిటంటే, “వాడికి మాత్రం తెలియనీయొద్దక్కా.”

ఒకే మంచం దగ్గర ఇద్దరూ ఒకరికోసం ఒకరు దాచుకుంటున్నారు. తల్లితో రెండు దినాలు మాట్లాడాను. చివరికి ఆమే వాడి పక్కన పడుకొని మాట్లాడింది. ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు. మర్నాడు బాబు తన కోడిపుంజును అక్కకు ఇచ్చాడు, కోసుకోకూడదని షరతు పెట్టాడు. మొత్తం ఏడు వారాలు ఉన్నాడు. ఒక తెల్లవారుజామున తల్లి ఒడిలో పోయాడు. ఆ రాత్రి గింజలు అడిగితే ఒక్కటే తీశాడు.

సంఘంలో జరిగినది కూడా రాయాలి, ఎందుకంటే ఈ పత్రిక చదివే చాలా ఊళ్ళలో ఇదే జరుగుతుంది. బాబు కొరకు ఉపవాస ప్రార్థనలు జరుగుతున్న రోజులలో, పెద్ద ఒకాయన, “ప్రార్థన చేస్తూండగా ఆ మాత్రలెందుకు? అది అవిశ్వాసం” అన్నారు. ఆ మాట ఆ ఇంటికి చేరి, తండ్రి ఒక పూట మాత్ర ఆపాడు. ఆ పూట బాబు ఎలా ఉన్నాడో నేను రాయను. మా అయ్యగారు ఆ పెద్దాయనను చర్చి వరండాలో కూర్చోబెట్టి, “అన్నా, మీ మోకాలికి రాత్రి నూనె రాయించుకొని పడుకుంటారు కదా, ప్రార్థన మానేస్తున్నారా?” అని అడిగారు. పెద్దాయన నవ్వారు. తరువాత ఆ ఇంటికి ఆయనే పాలు మోసుకుపోయారు.

యోబు స్నేహితులను మనము ఎప్పుడూ నిందిస్తాము. కానీ వారు వచ్చిన మొదటి ఏడు దినాలు ఏమీ మాట్లాడకుండా నేలమీద అతనితో కూర్చున్నారు. ఆ ఏడు దినాలు వారు చేసినది మంచిపనే, నోరు తెరిచాకే పాడైంది. జబ్బు బిడ్డ ఇంటిలో “ఏ పాపమో” అనే మాట తల్లికి ఎలా తగులుతుందో నేను కళ్ళారా చూశాను. మా స్త్రీల సమాజం వారు మాటలు తగ్గించి, వంతులు వేసుకున్నారు. సాయంత్రం రెండు గంటలు ఒకామె బాబు దగ్గర కూర్చుంటే, తల్లి తలస్నానం చేసి కాసేపు పడుకునేది. బడి మానేసిన అక్కను యౌవనస్థులలో ఒక అమ్మాయి రోజూ తనతో సైకిలు మీద తీసుకుపోయింది. జబ్బు బిడ్డ ఇంటిలో బాగున్న బిడ్డను ఎవరూ చూడరని తరగతిలో ఒక పాఠమంతా చెప్పారు. ఆ అమ్మాయి ఏ తరగతీ వినలేదు, తనకే తోచింది.

ఈ సేవ అంతా చావు దగ్గరే జరుగుతుందని మీరు అనుకోకుండా మరొక ఇంటి సంగతి చెబుతాను. ఆరేళ్ళ పాప, సెరిబ్రల్ పాల్సీ. మెడ నిలవదు, మాట రాదు, కాళ్ళు కత్తెరలా బిగుసుకుపోతాయి. ఏడాదికి నాలుగైదుసార్లు దగ్గు, జ్వరం, ఆయాసంతో ఆసుపత్రి. అవ్వ పాపను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టుకొని, పలచని పాలూ గంజీ చెంచాతో పోసేది. అలా పోసినది కొంత కడుపులోకి, కొంత ఊపిరి గొట్టంలోకి పోతుంది. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచి, చిక్కని ఆహారం కొంచెం కొంచెం పెట్టాలని తరగతిలో వీడియో చూపించారు. రాగిజావను చిక్కగా కాచి పెట్టడం అవ్వకు ఒక్క పూటలో వచ్చేసింది. కూర్చోబెట్టడమే కష్టం.

తరగతిలో చూపిన మూలకుర్చీ బొమ్మను నోటుబుక్కులో గీసుకున్నాను. రెండు పలకలు మూలగా కలిపి, ముందు చిన్న బల్ల, కాళ్ళ మధ్య ఒక దిమ్మె. మా ఊరి ఆచారికి చూపిస్తే, పాపను చూడందే చేయనన్నాడు. వచ్చి, నూలుదారంతో నడుమూ వీపూ తొడా కొలుచుకున్నాడు, పాత కిటికీ చెక్కలతో చేశాడు. అంచులకు పాత చీర చుట్టారు. పాప ఇప్పుడు వాకిట్లో కూర్చొని మేకలను చూస్తూ తింటుంది. పోయిన ఏడాది ఆసుపత్రికి ఒక్కసారే వెళ్ళింది. ఈ వేసవికి పాప ఎదిగింది, భుజాలు పలకలకు ఒరుసుకుంటున్నాయి. పక్కలు రెండంగుళాలు వెడల్పు చేయాలి. వచ్చే మంగళవారం దారం పట్టుకొని వస్తానని ఆచారి అన్నాడు.